చేత్తో చెక్క గరిటెలు చెక్కడం: కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

చెక్క గరిటెలు చెక్కుతున్నా అని ఎవరికి చెప్పినా తిరిగి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మెషీన్లు లేకుండా, పెద్ద వర్క్‌షాప్ లేకుండా, ఒక కుర్చీ వేసుకుని కూర్చుని చెక్కాలనుకునేవాళ్ళ కోసం ఇది. పదును గురించి, చెక్క నార గురించి మిగతా వాటికంటే ఎక్కువ రాశాను, ఎందుకంటే మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళలో నేను చూసినంతవరకు చాలామందికి ఇబ్బంది వచ్చింది ఆ రెండింటి దగ్గరే, అంతేగానీ చేతిలో కళ లేక కాదు.

నేనెప్పుడూ ఉలి గానీ కత్తి గానీ పట్టలేదు, నా వల్ల అవుతుందా?

అవుతుంది. చిన్నప్పుడు బ్లేడుతో పెన్సిల్ చివ్వుకున్న చెయ్యే ఇది, అదే పని కాస్త పెద్ద కర్ర మీద చేస్తున్నాం అంతే. మొదటిది పూర్తవ్వడానికి మూడు నాలుగు సాయంత్రాలు పట్టొచ్చు, బొటనవేలు మొదట్లో బాగా నొప్పి పుడుతుంది, అప్పుడు ఆపేసి మర్నాడు చెయ్యండి. అలసిపోయిన చేతితో చెక్కకూడదు, తెగేది ఎక్కువగా అప్పుడే.

మొదట ఏం చెక్కాలి, చెంచానా గరిటెనా?

రెండూ కాదు, చదునుగా ఉండే తెడ్డు చెక్కండి, అంటే బాణలిలో తిప్పడానికి, అడుగు గీరడానికి వాడతాం కదా, అది. గుంట ఉండదు కాబట్టి ఒక్క మామూలు కత్తితో మొత్తం పని అయిపోతుంది, నార ఎటు పోతోందో చూడటం కూడా దీంట్లోనే అలవాటవుతుంది. 30 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం ఉన్న ముక్క చాలు. పూర్తయ్యేసరికి పని చేసే అంచు 2, 3 మి.మీ. దాకా పల్చగా రావాలి, పిడి మాత్రం చేతికి నిండుగా ఉండాలి. చాలామంది పిడిని బాగా సన్నగా చేసేస్తారు, చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ పొయ్యి దగ్గర పది నిమిషాలు తిప్పితే అరచేయి పీకుతుంది.

అది రెండు మూడు చేశాక గరిటె, ఆ తర్వాత చెంచా. చెంచా చిన్నది కదా ఈజీ అనుకుంటారు, నిజానికి చిన్నది కాబట్టే కష్టం, పట్టుకోవడానికి చోటుండదు, ఒక్క మి.మీ. ఎక్కువ పోయినా తెలిసిపోతుంది.

ఏ పనిముట్లు కొనాలి?

తక్కువతో మొదలుపెట్టండి. 6 నుంచి 8 సెం.మీ. అలుగు ఉన్న నిటారు కత్తి ఒకటి, గుంట తొలవడానికి వంకర కత్తి ఒకటి (అందరూ హుక్ నైఫ్ అంటారు), చిన్న చేతి రంపం, పెన్సిల్, సానరాయి. తెడ్డుతో మొదలుపెడితే హుక్ నైఫ్ కూడా ఇప్పుడే అక్కర్లేదు.

నిటారు కత్తి కోసం వెతికితే స్లాయిడ్ నైఫ్ అనే పేరు కనపడుతుంది. స్వీడిష్‌లో ఆ మాటకి చేతిపని అని అర్థం, 19వ శతాబ్దంలో ఫిన్లాండ్, స్వీడన్ బడుల్లో పిల్లలకి చదువులో భాగంగా చెక్కపని నేర్పిన పద్ధతికి కూడా అదే పేరు. మోరా కంపెనీ 106, 120 అనే మోడల్స్ చాలామంది మొదటి కత్తిగా వాడతారు, 120 అలుగు పొట్టి, కొత్త చేతికి అదే కంట్రోల్‌లో ఉంటుంది. ఏ కంపెనీదైనా ఫర్లేదు గానీ మడత కత్తి మాత్రం వద్దు, గట్టిగా నొక్కినప్పుడు వేళ్ళ మీదకి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

గొడ్డలి ఉంటే దుంగ నుంచి ఆకారం త్వరగా వచ్చేస్తుంది, కానీ అది విడిగా నేర్చుకోవాల్సిన పని. మొదటి నెల రంపంతో గాట్లు పెట్టి, కత్తితో ఎత్తి తీసేసుకోండి, టైం ఎక్కువ పడుతుంది కానీ వేళ్ళు క్షేమం.

హుక్ నైఫ్ బదులు ఇంట్లో ఉన్న ఉలి వాడొచ్చా?

చదును ఉలి పనికిరాదు. నోరు గుండ్రంగా ఉన్న ఉలి అయితే వాడొచ్చు, కాకపోతే ముక్కని బల్లకి క్లాంప్‌తో బిగించాలి. ఒక చేత్తో ముక్క పట్టుకుని ఇంకో చేత్తో ఉలి తొయ్యడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, జారిందంటే నేరుగా అరచేతిలోకే.

ఏ చెక్క మంచిది? ఏవి అస్సలు వాడకూడదు?

గరిటెకి కావాల్సింది దట్టంగా, సన్నటి రంధ్రాలతో, వాసన లేకుండా ఉండే చెక్క. పండ్ల చెట్లు చాలావరకు దీనికి సరిపోతాయి. జామ, ఆపిల్, పియర్, చెర్రీ బాగా నప్పుతాయి, మేపుల్, బర్చ్, బీచ్ కూడా. మామిడి సులువుగా దొరుకుతుంది, మెత్తగానే తెగుతుంది, కాకపోతే పచ్చి మామిడి జీడి కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తే ఆపేయండి. పనస మంచిదే. వేప కూడా చాలామంది వాడతారు, నార అక్కడక్కడ మెలితిరిగి ఉంటుంది కాబట్టి మొదటి ముక్కగా మాత్రం తీసుకోకండి. చింత చేవ గట్టితనం మామూలుగా ఉండదు, అది చెయ్యి తిరిగాక. టేకు గురించి అందరూ అడుగుతారు, వాడొచ్చు, కానీ అందులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, కత్తి పదును త్వరగా తినేస్తుంది. మునగలాంటి బెండు కర్రలు వద్దు, నీళ్ళు పీల్చుకుని మెత్తబడిపోతాయి.

అస్సలు ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. గన్నేరు మొక్క మొత్తం విషమే, కర్రతో సహా. పచ్చగన్నేరు అంతే, ముష్టి చెట్టు అంతే. పాలు కారే చెట్టు ఏదైనా సరే అదేంటో ఖచ్చితంగా తెలిస్తే తప్ప దాని జోలికి వెళ్ళకండి. ఏ చెట్టో తెలియని కర్ర ఎంత అందంగా ఉన్నా వంటింటికి వద్దు, దాంతో ఇంకేదైనా చెక్కుకోండి.

ప్లైవుడ్, ఎండీఎఫ్ వద్దు, వాటిలో జిగురు ఉంటుంది. పాత తలుపులు, కంచె కర్రలు, రంగు వేసిన చెక్క కూడా వద్దు. పురుగు పట్టకుండా ఆర్సెనిక్ ఉన్న మందు ఎక్కించిన చెక్క ఒకప్పుడు బాగా వాడేవాళ్ళు, చూసి గుర్తుపట్టడం కష్టం. సరుకు రవాణాలో వాడే ప్యాలెట్ల మీద ముద్ర ఉంటుంది, హెచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు, ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పెట్టినట్టు. హెచ్‌టి ఉన్నా కూడా దాని మీద ఏం ఒలికిందో మనకి తెలియదు కదా, నేనైతే గరిటెలకి ప్యాలెట్ చెక్క వాడను.

పచ్చి చెక్కా, ఎండిన చెక్కా?

పచ్చిది. దీంట్లో నాకు రెండో మాట లేదు. ఈమధ్యే కొట్టిన కొమ్మ కత్తికి ఎంత మెత్తగా లొంగుతుందో ఒక్కసారి చూస్తే మళ్ళీ ఎండు చెక్క జోలికి వెళ్ళరు. ఎండిన గట్టి చెక్క మీద కొత్తవాళ్ళు బలం పెడతారు, ఆ బలంతోనే కత్తి జారుతుంది. గాలివానకి విరిగిన కొమ్మ, కొమ్మలు నరికించినప్పుడు మిగిలినవి, ఇలాంటివి అడిగితే చాలామంది ఊరికే ఇచ్చేస్తారు.

వెంటనే చెక్కే తీరిక లేకపోతే ముక్కని ప్లాస్టిక్ కవర్‌లో గట్టిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, వారాల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఒకటి రెండు రోజులకైతే నీళ్ళలో ముంచి పెట్టినా చాలు.

కొమ్మ నుంచి ముక్క ఎలా తీయాలి?

కొమ్మ అడ్డంగా కోస్తే నట్టనడుమ చిన్న చుక్కలాగా మెత్తటి గుజ్జు భాగం కనపడుతుంది. ఆ చుక్క మీదుగా నిలువునా రెండుగా చీల్చండి, కోయడం కాదు, చీల్చడం. చీలిక నార వెంబడే పోతుంది కాబట్టి పిడి మొత్తం పొడవునా నార తెగకుండా వస్తుంది, గట్టిగా ఉంటుంది. రంపంతో కోసిన పలకలో నార వాలుగా పోయి ఉండొచ్చు, అలాంటి పిడి సన్నగా ఉన్నచోట టక్కున విరుగుతుంది. చీల్చాక ఆ గుజ్జు భాగం ఏ కాస్తా మిగలకుండా చెక్కి తీసేయండి. ఎందుకో పగుళ్ళ ప్రశ్న దగ్గర చెప్తా.

నార వాటం చూసి చెక్కమంటారు, అసలు అదెలా తెలుస్తుంది?

మొత్తం పని ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

చెక్క అంటే పొడవాటి సన్నటి గొట్టాల కట్ట. చీపురు కట్టని ఏటవాలుగా కోశారనుకోండి, ఆ వాలు మీద పైనుంచి కిందకి చెయ్యి రాస్తే పుల్లలు అణిగి ఉంటాయి, కింది నుంచి పైకి రాస్తే ప్రతి పుల్లా వేలికి గుచ్చుకుంటుంది. చెక్కలోనూ అంతే. వంపు ఉన్న చోట ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి చెక్కాలి. పల్లం నుంచి ఎత్తుకి చెక్కితే కత్తి నార మధ్యలోకి దూరిపోయి పేడు లేస్తుంది, ఆ పేడు ఆకారం కోసం గీసిన గీత దాటి ఎక్కడిదాకా పోతుందో మన చేతిలో ఉండదు.

దీన్ని కంటికంటే ముందు చెవి కనిపెడుతుంది. గరిటె తల నుంచి పిడికి దిగే మెడ దగ్గర కత్తి పెట్టి మెల్లగా తోసి చూడండి. వాటంగా పోతుంటే సుయ్యిమని మెత్తటి చప్పుడు, పొట్టు ఉంగరంలా చుట్టుకుంటూ లేస్తుంది, కోసిన చోట తడిసినట్టు నిగనిగలాడుతుంది. అదే కోత మెడలో అట్టడుగుకి చేరి అవతలి వైపు ఎక్కడం మొదలైందో లేదో, చప్పుడు టకటకమని గరుకుగా మారుతుంది, కత్తి ముందు సన్నటి చీలిక నోరు తెరుస్తుంది. అక్కడే ఆగండి, ఇంకో అర మి.మీ. కూడా వద్దు. కత్తి తీసేసి, ముక్కని అటుది ఇటు తిప్పి, అవతలి ఎత్తు నుంచి మళ్ళీ ఆ అడుగుదాకా రండి. రెండు వైపుల నుంచి వచ్చిన కోతలు అట్టడుగున కలవాలి. అందుకే మెడ చెక్కేటప్పుడు ముక్కని ఇరవై ముప్పై సార్లు తిప్పాల్సి వస్తుంది, మొదట్లో విసుగ్గా ఉంటుంది, తర్వాత చెయ్యి తనంతట తనే తిప్పేస్తుంది.

ముడి, అంటే కొమ్మ పుట్టిన చోటు, ఉంటే దాని చుట్టూ నార అన్ని దిక్కులా తిరిగిపోతుంది. మొదటి పది గరిటెల దాకా ముడి లేని ముక్కే తీసుకోండి.

కత్తి ఎలా పట్టుకోవాలి?

చాలా పట్లు ఉన్నాయి కానీ మూడు వస్తే గరిటె పూర్తవుతుంది.

మొదటిది తోపుడు. కుడిచేత్తో కత్తి పట్టుకుని, ముక్క పట్టుకున్న ఎడమచేతి బొటనవేలిని కత్తి వీపు మీద ఆనించి ఆ వేలితో తొయ్యాలి. కుడిచెయ్యి కత్తిని మళ్ళిస్తుంది, బలం బొటనవేలిది. కత్తి కదిలేది ఒకటి రెండు సెం.మీ. మాత్రమే, అందుకే ఇది చాలా సేఫ్, చిన్న చిన్న చోట్లకి బాగా పనికొస్తుంది.

రెండోది ఛాతీ పట్టు. రెండు చేతుల్నీ ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, కత్తి అంచు బయటి వైపు ఉండేలా పట్టుకుని, భుజాలు వెనక్కి లాగుతూ రెక్కలు విప్పినట్టు మోచేతులు బయటికి తెరవాలి. బలం వీపు కండరాలది, కత్తి కదలిక తక్కువ, ఎక్కువ చెక్క ఒకేసారి పోతుంది. పైన చెప్పిన తెడ్డు ఆకారంలో సగం పని దీంతోనే.

మూడోది తొక్క తీసినట్టు మన వైపుకి లాగే కోత. దీన్ని చూడగానే భయమేస్తుంది, భయపడాలి కూడా. బొటనవేలు కత్తి వచ్చే దారిలో కాకుండా ముక్క చివరకి కింద ఉండాలి, అదొక్కటి గుర్తుంటే చాలు. మొదట్లో ఆ వేలికి మందంగా గుడ్డ టేపు చుట్టుకోండి.

చెయ్యి తెగకుండా ఏం జాగ్రత్తలు?

కత్తి జారితే ఎక్కడికి వెళ్తుంది అని ప్రతి కోతకీ ముందు చూసుకోండి, అక్కడ శరీరంలో ఏ భాగమూ ఉండకూడదు. కూర్చున్నప్పుడు తొడల మధ్య పెట్టుకుని చెక్కకండి, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదకి వస్తుంది. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, పని మోకాళ్ళకి అవతల పెట్టుకోండి, లేదా ఒక పక్కకి తిరిగి తొడకి బయటి వైపు చెక్కండి. చెయ్యి చాపి తిప్పితే కత్తి అందేంత దూరంలో ఎవరూ ఉండకూడదు, పిల్లలు వెనక నుంచి వచ్చి తొంగిచూస్తారు, ఆ సంగతి చూసుకోండి. ముక్క పట్టుకునే చేతికి కోత తట్టుకునే గ్లవ్ వేసుకోవచ్చు, కాకపోతే అది గీతల్ని ఆపుతుంది, కత్తి మొన గుచ్చుకోవడాన్ని ఆపదు.

తెగితే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా నొక్కి పట్టుకోండి. అప్పటికీ రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకుని ఉన్నా, వేలు మొద్దుబారినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

కత్తికి పదును ఎప్పుడు, ఎలా పెట్టాలి?

మొండి కత్తి మంచిది, తెగదు కదా అని కొంతమంది అనుకుంటారు. పూర్తిగా తప్పు. మొండి కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, ఆ బలమే చేతిలోకి దిగేది. కాగితం అంచు మీద పెట్టి లాగితే చిరగకుండా తెగాలి, చెక్క మీద కోసిన చోట గీతలు పడకుండా మెరవాలి. గీతలు పడుతున్నాయంటే అంచులో చిన్న చిన్న పళ్ళు పడ్డట్టు.

సాన పట్టడం ఇలా. కత్తి పక్కన అంచుకి దిగే వాలు ఉంటుంది కదా, ఆ వాలు మొత్తాన్ని స్కెచ్ పెన్నుతో నల్లగా పూయండి. 1000 గ్రిట్ రాయిని (గ్రిట్ అంకె పెరిగే కొద్దీ రాయి గానీ శాండ్‌పేపర్ గానీ నునుపుగా ఉంటుంది) తడిపి, ఆ వాలు మొత్తం రాయికి ఆనేలా పెట్టి నాలుగైదు సార్లు తోసి చూడండి. నలుపు వాలంతా సమానంగా పోతే కోణం సరిగ్గా ఉంది, వెనక మాత్రమే పోతే కత్తి వీపు ఇంకొంచెం ఎత్తాలి, అంచు దగ్గరే పోతే కాస్త దించాలి. ఒక వైపు రుద్దుతుంటే రెండో వైపు అంచున వేలికి తగిలే సన్నటి పొర లేస్తుంది, అది మొన దాకా వచ్చాక వైపు మార్చండి. తర్వాత 3000 లేదా 4000 రాయి, ఆఖర్న తోలు ముక్క మీద పాలిష్ పేస్టు రాసి, అంచు వెనక్కి ఉండేలా లాగుతూ ఇరవై సార్లు. తోలు మీద రుద్దడం ప్రతి అరగంటకీ ఒకసారి చేస్తే రాయి అవసరం చాలా తక్కువ పడుతుంది.

హుక్ నైఫ్‌కి రాయి పట్టదు. గుండ్రటి కర్ర ముక్కకి 600, 1000, 2000 శాండ్‌పేపర్ వరుసగా చుట్టుకుని, కత్తిని బల్ల అంచున కదలకుండా పట్టుకుని కర్రని కదపండి. కార్బన్ స్టీల్ కత్తులు పచ్చి చెక్క తడికి గంటల్లో తుప్పు పడతాయి, పని అవగానే తుడిచి చుక్క నూనె రాసి పెట్టండి.

గరిటె గుంట ఎలా తొలవాలి, ఎంత లోతు?

బయటి వీపు చెక్కకముందే గుంట తొలిచేయండి. వీపు చదునుగా ఉన్నప్పుడు ముక్క చేతిలో నిలకడగా ఉంటుంది, పైగా గుంట ఆకారం తెలిశాక వీపుని దానికి తగ్గట్టు చెక్కుకోవచ్చు.

పెన్సిల్‌తో అంచు గీత గీసి, దానికి 4, 5 మి.మీ. లోపల ఇంకో గీత గీయండి. హుక్ నైఫ్‌తో నడిమధ్యలో, నారకి అడ్డంగా చిన్న పల్లంలా మొదలుపెట్టి, మెల్లమెల్లగా బయటికి పెంచుకుంటూ లోపలి గీత దాకా రండి. అడ్డంగా కోస్తే పేడు లేవదు, అందుకే మొదలు అడ్డంగా. ఆఖరి నునుపు కోతలు మాత్రం రెండు చివర్ల నుంచి అడుగుకి. మామూలు గరిటెకి 12 నుంచి 15 మి.మీ. లోతు సరిపోతుంది, గోడ మందం 4, 5 మి.మీ. దగ్గర ఆపండి. ఎంత మందం మిగిలిందో లోపల బొటనవేలు, బయట చూపుడువేలు పెట్టి అన్ని చోట్లా తడిమి చూడండి, వేళ్ళు మందాన్ని బాగానే పట్టేస్తాయి. ముందు పెదవి మరీ పల్చన చేయొద్దు, అక్కడ నార అడ్డంగా తెగి ఉంటుంది, గిన్నెకి తగిలి పెచ్చులూడేది అక్కడే.

చెక్కి పెట్టిన గరిటె పగిలిపోయింది, ఎందుకు?

నా మొదటి గరిటెకి కూడా ఇదే జరిగింది. రెండు రోజులు కూర్చుని చెక్కాను, త్వరగా ఆరుతుందని మధ్యాహ్నం ఎండలో పెట్టాను, సాయంత్రానికి గుంట ముందు అంచు నుంచి అడుగు దాకా వెంట్రుక దూరేంత చీలిక. చాలా బాధేసింది. ఇప్పటికీ అది నా దగ్గరే ఉంది, చీలిక సరిగ్గా ఆ గుజ్జు చుక్క మీదుగా పోయింది, చెక్కేటప్పుడు దాన్ని తీసెయ్యాలని నాకు తెలియదు.

కారణం ఇదీ. తేమ దాదాపు 30 శాతం కంటే దిగినప్పటి నుంచి చెక్క కుదించుకుపోతుంది, కానీ అన్ని వైపులా ఒకేలా కాదు. పొడవులో దాదాపు మారదు, నడుమ నుంచి బెరడు వైపుకి కొంచెం తగ్గుతుంది, కొమ్మ అడ్డంగా కోస్తే కనపడే వలయాల చుట్టూ ఉండే దిశలో దానికి సుమారు రెట్టింపు తగ్గుతుంది. గుజ్జు చుక్క ముక్కలో ఉండిపోతే చుట్టూ ఉన్న వలయాలన్నీ దాన్ని లాగి బిగిస్తాయి, ఆ లాగుడు తట్టుకోలేక చెక్క చీలుతుంది. ఎండలో పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, అదింకో లాగుడు.

కాబట్టి గరిటె అంతా దాదాపు ఒకే మందంలోకి వచ్చేదాకా చెక్కేసి, అది చెక్కినప్పుడు వచ్చిన పొట్టుతో కలిపి కాగితం సంచిలో పెట్టి, గాలి ఎక్కువ తగలని నీడలో ఒక వారం రెండు వారాలు వదిలేయండి. ప్లాస్టిక్ కవర్ అయితే బూజు పడుతుంది. వంటింటి తూకం ఉంటే రోజూ తూచి రాసుకోండి, మూడు రోజులు వరసగా బరువు మారకపోతే ఆరినట్టే. మధ్యలో పని ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రం, సగం చెక్కిన ముక్కని ప్లాస్టిక్‌లో చుట్టి పెట్టండి, అప్పుడు అది ఆరకూడదు కాబట్టి.

పగులుని జిగురుతో అతికించొచ్చా?

వంటకి వాడేదైతే నేను అతికించను. చీలికలో తడీ మురికీ చేరతాయి, వేడికి జిగురు వదిలేస్తుంది. అంచున చిన్న పగులైతే అక్కడిదాకా చెక్కేసి గరిటెని చిన్నది చేసుకోండి.

శాండ్‌పేపర్ తప్పనిసరా?

కాదు. బాగా పదునున్న కత్తితో, చెక్క ఆరాక, పల్చటి ఆఖరి కోతలు వేస్తే వచ్చే నునుపు శాండ్‌పేపర్‌కి రాదు. కత్తి నారని కోస్తుంది, కాగితం గీరుతుంది, గీరిన పీచు తడి తగలగానే మళ్ళీ లేస్తుంది. అయినా కొత్తలో గుంట లోపల కత్తి గీతలు పూర్తిగా పోవు, కాబట్టి వాడుకోండి, తప్పేం లేదు. చెక్క పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి, పచ్చి చెక్క మీద కాగితం మూసుకుపోతుంది. 120, 180, 240, 320 ఇలా వరస తప్పకుండా వెళ్ళండి. 240 తర్వాత గరిటెని నీళ్ళతో తడిపి ఆరనివ్వండి, పీచంతా లేచి గరుకవుతుంది, దాన్ని 320తో తేలిగ్గా తీసేయండి, ఇలా రెండుసార్లు చేస్తే తర్వాత కడిగినప్పుడు గరుకెక్కదు. ఈ ఒక్క స్టెప్ వదిలేసేవాళ్ళే, నూనె రాశాక కూడా గరుగ్గా ఉందేంటి అని అడిగేది. ఆఖర్న నున్నటి గులకరాయితో గానీ స్టీలు చెంచా వీపుతో గానీ గట్టిగా రుద్దితే పైపొర అణిగి మెరుపొస్తుంది.

ఒకటి మాత్రం సీరియస్‌గా తీసుకోండి. చెక్క దుమ్ముని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో పెట్టారు. శాండింగ్ చేసేటప్పుడు ఎన్95 మాస్కు వేసుకోండి, వీలైతే ఆరుబయట చెయ్యండి. నీళ్ళకి ఆగే వెట్ అండ్ డ్రై కాగితంతో తడి చేసి రుద్దితే దుమ్మే లేవదు.

ఏ నూనె రాయాలి?

నూనెలు రెండు రకాలని గుర్తుపెట్టుకోండి, గాలికి గట్టిపడేవి, గట్టిపడనివి. అవిసె నూనె, టంగ్ ఆయిల్, వాల్‌నట్ నూనె గాలిలో ఆక్సిజన్‌తో కలిసి చెక్క లోపలే గట్టి పొరగా మారతాయి. ఒక్కసారి గట్టిపడ్డాక కడిగినా పోవు. కొబ్బరి నూనె, ఆలివ్ నూనె, ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ ఎప్పటికీ గట్టిపడవు, కడిగిన కొద్దీ పోతుంటాయి, మళ్ళీ మళ్ళీ రాయాలి. మినరల్ ఆయిల్ కనీసం కమురు వాసన రాదు, వంట నూనెలు కొన్నాళ్ళకి వచ్చే అవకాశం ఉంది.

నా ఓటు అవిసె నూనెకి. తినడానికి అమ్మే గానుగ అవిసె నూనె కొనండి. రంగుల షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ అని దొరికేది (అదీ అవిసె నూనే) వద్దు, త్వరగా ఆరడానికి అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు. గరిటెకి నూనె బాగా పట్టించి, 20 నిమిషాలు ఆగి, పైన మిగిలింది మొత్తం పొడి గుడ్డతో తుడిచేయండి, తుడవకపోతే జిగురు జిగురుగా ఉండిపోతుంది. రోజుకొకసారి చొప్పున మూడు నాలుగు పూతలు, తర్వాత గాలి ఆడేచోట మూడు నాలుగు వారాలు. అవును, అంత టైం పడుతుంది, ఇక్కడ తొందరపడితే మొదటి కడుగుడికే సగం పోతుంది.

నూనె గుడ్డకి నిప్పంటుకుంటుందంటారు, నిజమా?

నిజం. అవిసె నూనెలాంటివి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డని ఉండచుట్టి డబ్బాలో పడేస్తే ఆ వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి దానంతట అదే అంటుకుంటుంది. గుడ్డని ఆరుబయట విప్పి పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్ళలో ముంచి తర్వాత పారేయండి.

తేనెమైనం రాయొచ్చా? వార్నిష్?

మైనం చేతికి బాగుంటుంది, కానీ దాదాపు 62 నుంచి 64 డిగ్రీలకే కరుగుతుంది, పొయ్యి మీద మరుగుతున్న గిన్నెలో పెడితే నిలవదు. వడ్డించే గరిటెలకి, కోత పీటలకి వాడుకోండి, నాలుగు వంతుల నూనెకి ఒక వంతు మైనం, నేరుగా మంట మీద కాకుండా వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి. వార్నిష్ వద్దు, గీసుకుపోయి పెచ్చులుగా తిండిలోకి వస్తుంది.

చెక్క గరిటెల్లో క్రిములు ఉండిపోవా?

అమెరికాలో డీన్ క్లివర్ అనే ఫుడ్ సేఫ్టీ పరిశోధకుడి టీం 1994లో చెక్క, ప్లాస్టిక్ కోత పీటల్ని పోల్చి చూసింది. చెక్క మీద వేసిన బాక్టీరియా లోపలికి ఇంకిపోయి, మళ్ళీ పైకి తీయడం కష్టమైంది, కత్తిగాట్లు పడ్డ పాత ప్లాస్టిక్ మీద మాత్రం కడిగినా కొన్ని మిగిలాయి. అంతమాత్రాన కడగక్కర్లేదని కాదు. పచ్చి మాంసానికి వాడిన దాన్ని విడిగా ఉంచుకుని, వేడినీళ్ళు సబ్బుతో వెంటనే కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

రోజూ ఎలా చూసుకోవాలి?

సింక్‌లో నానబెట్టకండి, డిష్‌వాషర్‌లో వెయ్యకండి. కడిగి, తుడిచి, నిలబెట్టి ఆరనిస్తే చాలు. రంగు వెలిసి పొడిబారినట్టు కనపడితే మళ్ళీ ఒక పూత నూనె. వాసన పట్టేస్తే ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్ది కడగండి.

నల్ల మచ్చలు వచ్చాయి, బూజా?

గరిటె వాడుతుండగా తడి ఉన్నచోట చుక్కలు చుక్కలుగా వస్తే బూజే, పైపొర శాండ్ చేసి బాగా ఆరబెట్టి మళ్ళీ నూనె రాయండి, లోపలిదాకా పోయి ఉంటే పారేయండి. చెక్కేటప్పుడే నీలం కలిసిన నలుపు మరక వస్తే అది బూజు కాదు, చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం కత్తి ఇనుముతో కలిసి వచ్చేది. నిమ్మరసం రాస్తే చాలావరకు పోతుంది.

వేరేవాళ్ళకి ఇవ్వాలనుకుంటే?

ముందు మీరు రెండు వారాలు వాడి చూడండి, పిడి ఎక్కడ గుచ్చుకుంటోందో, అంచు గిన్నె మూలకి అందుతోందో లేదో చేతిలో పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఏ చెక్క, ఏ నూనె అనేది చిన్న కాగితం మీద రాసి కట్టి ఇవ్వండి, ముఖ్యంగా వాల్‌నట్ నూనె వాడి ఉంటే, గింజల ఎలర్జీ ఉన్నవాళ్ళకి అది తెలియాలి.